అన్నయ్య మిస్సింగ్ కేసు మర్డర్ కేసు అయింది, అప్పుడు దాచిన మాట ఇప్పుడు చెప్పొచ్చా?

ప్రశ్న: లాయర్ అక్కా, మాది విజయనగరం జిల్లా రాజాం దగ్గర ఒక ఊరు. మా అన్నయ్య ఒక సాయంత్రం ధాన్యం డబ్బులు తెస్తానని బండేసుకుని ఎల్లాడు, మరి రాలేదు, ఫోన్ స్విచ్చాఫ్. రెండ్రోజులు చుట్టాలిళ్ళన్నీ వెతికి మూడో రోజు మిస్సింగ్ కేసు పెట్టాం. తొమ్మిది రోజులకి నాగావళి అవతల, శ్రీకాకుళం జిల్లా బూర్జ వైపు ఒడ్డున శవం దొరికింది. మొహం గుర్తుపట్టేలా లేదు, మొలతాడుకున్న వెండి బిళ్ళ చూసి నేనే చెప్పాను అన్నయ్యేనని. ఇప్పుడు సెక్షన్ మార్చాం, మర్డర్ కేసు అంటున్నారు, డీఎన్ఏకి అమ్మ రక్తం కావాలంటున్నారు. అమ్మ మాత్రం అది వాడు కాదంటుంది, రోజూ రాత్రి కంచంలో అన్నం పెట్టి మూతేసి ఉంచుతుంది. ఇంకో సంగతి అక్కా, అన్నయ్యకీ మా పెద్ద బావకీ వడ్డీ డబ్బుల మీద గొడవైంది, అక్క కాపురం ఏమవుద్దోనని కంప్లైంట్‌లో ఆ మాట ఎత్తలేదు, ‘ఎవరి మీదా అనుమానం లేదు’ అని రాసిచ్చాం. ఇప్పుడు చెప్తే మా మీదికే వస్తాదా? శవం పాడైపోయింది, కేసు నిలబడదు, ఊరుకోండి అంటున్నారు మావాళ్ళు. ఏటి సెయ్యాలి?
– ఒక చెల్లెలు

జవాబు: చెల్లీ, ముందు ఒక్కటే చెప్తాను, ఆ గొడవ సంగతి రేపే వెళ్ళి సీఐ గారికి చెప్పండి. ఇన్నేళ్ళలో నేను చూసిన మిస్సింగ్ కంప్లైంట్లలో ముప్పాతిక వాటిలో ‘ఎవరి మీదా అనుమానం లేదు’ అనే ఆ లైను ఉంటుంది, పరువు కోసమో ఆడపిల్ల కాపురం కోసమో రాస్తారు, ఆ టైమ్‌కి మనిషి తిరిగొచ్చేస్తాడనే ఆశ ఉంటుంది కదా. దానికి మిమ్మల్ని ఎవరూ నేరస్తుల్ని చెయ్యరు, అప్పటికి అది హత్య అని మీకే తెలీదు. కానీ ఆలస్యం చేస్తే మాత్రం ఇబ్బందే. రేపు కోర్టులో అవతలి లాయరు లేచి మొదట చెప్పలేదు, తర్వాత కల్పించారు అంటాడు, ఎన్ని రోజులు గడిస్తే ఆ మాటకి అంత బలం. ఎందుకు దాచారో కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. పోలీసులు బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 180 కింద రాసుకుంటారు, దాని మీద మీ సంతకం అక్కర్లేదు, కానీ చదివి వినిపించమని అడగండి. ఒత్తిడి వస్తుందని భయముంటే 183 కింద మేజిస్ట్రేట్ ముందే చెప్పే ఏర్పాటు చెయ్యమని అడగొచ్చు. గొడవ ఉన్నంత మాత్రాన మీ బావే చేశాడని కాదు, ఆయనకి సంబంధం లేకపోతే ఆ సంగతి తేలడానికి కూడా ఇదే దారి. ఊళ్ళో గానీ వాట్సాప్ స్టేటస్‌లో గానీ ఆయన పేరు పెట్టకండి.

సెక్షన్ మార్చడమంటే పాత కేసు పోయిందని కాదు. మ్యాన్ మిస్సింగ్ అని పెట్టిన అదే క్రైమ్ నంబరు ఉంటుంది, హత్యకి బీఎన్ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 103, సాక్ష్యాలు మాయం చేస్తే 238 చేర్చి కోర్టుకి మెమో పంపుతారు. 2022 దాకా రాజాం, బూర్జ ఒకే జిల్లా, ఇప్పుడు రెండు జిల్లాలు, అందుకని శవం దొరికిన స్టేషన్‌లో గుర్తుతెలియని శవం అని బీఎన్ఎస్ఎస్ 194 కింద వేరే ఫైలు ఉండొచ్చు. ఆ శవ పంచనామా మీ కేసు ఫైల్లో చేరిందా, మొలతాడు, బిళ్ళ అందులో రాశారా అని తప్పకుండా అడగండి. ఆ శవం మీ అన్నయ్యదేననడానికి ఆ బిళ్ళే మొదటి సాక్ష్యం.

ఏటి ఒడ్డున దొరికింది కదా, మునిగిపోయాడంటారేమో అని కూడా బెంగ పడకండి. గొంతు నులిమితే విరిగే అవకాశమున్న హైయాయిడ్ అనే చిన్న ఎముక విరిగిందా, ఎముక మూలుగలో డయాటమ్స్ అనే నీటి నాచు కణాలు చేరాయా అని డాక్టర్లు చూస్తారు, ఊపిరి ఆడుతూ మునిగితేనే అవి రక్తంలో కలిసి అంత లోపలికి వెళ్తాయి. ఈ ఒక్క పరీక్షతోనే తేల్చరు, మిగతా గాయాలతో కలిపి చూస్తారు. శవం పాడైతే కేసు నిలబడదన్న మాట కూడా నిజం కాదు, అసలు శవమే దొరక్కపోయినా మిగతా సాక్ష్యాలు గట్టిగా ఉంటే శిక్ష వెయ్యొచ్చని సుప్రీంకోర్టు 1981లో రామానంద్ కేసులోనే చెప్పింది.

అన్నయ్య దువ్వెన, టూత్‌బ్రష్, ఉతకని చొక్కా ఉంటే కదపకండి, పోలీసులకి చూపించండి. ఇంట్లో ఆయన పాత ఫోన్ ఉంటే ఆన్ చెయ్యకండి. ఆ రోజు దారిలో పెట్రోల్ బంకు, కొట్టు ఏదైనా ఉంటే సీసీ కెమెరా గురించి ఈరోజే చెప్పండి, ఆ రికార్డు కొన్ని రోజులకే చెరిగిపోతుంది. అరెస్టు జరిగితే 90 రోజుల్లో చార్జిషీటు పడాలి, పడకపోతే నిందితుడు బెయిల్ అడగొచ్చు, కాబట్టి ఆ తేదీ గోడ మీద రాసుకోండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా మీకు చెప్పాలని బీఎన్ఎస్ఎస్ 193లో ఉంది, సిగ్గుపడకుండా అడగండి. ఉచితంగా లాయరు కావాలంటే 15100కి ఫోన్ చెయ్యండి.

ఇక అమ్మ. నిరూపించడానికి రక్తం అంటే ఆవిడ ఒప్పుకోదు చెల్లీ. అది వాడు కాదంటున్నావు కదమ్మా, కాదో అవునో ఈ పరీక్ష చెప్పేస్తుంది, అని నిదానంగా చెప్పు, ఆ మాట అబద్ధం కూడా కాదు. తల్లి రక్తాన్ని ఎముకతోనో పన్నుతోనో పోలుస్తారు, చేతిలో కొంచెం తీస్తారు అంతే. శాంపిల్ తీశాక శవం మీకిస్తే దహనం చెయ్యకండి, పూడ్చండి, మళ్ళీ అవసరం పడొచ్చు. ఆస్పత్రికి పొద్దున్నే తీసుకెళ్తారేమో, ఆ కంచం దగ్గర మీరూ కూర్చుని ఆవిడ చేత రెండు ముద్దలు తినిపించి తీసుకెళ్ళండి.