డిజైనర్ పోస్టులకు ఇన్ని పేర్లేంటి? మావాడికి ఏది?

ప్రశ్న: మాకు జడ్చర్లలో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉంది. మా అబ్బాయి బీకాం పూర్తి చేశాడు. ఇంటర్ నుంచే షాపులో ఫొటోషాప్, కోరల్‌డ్రా మీద పని చేస్తున్నాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో డిజైనర్‌గా చేరతానంటున్నాడు. ప్రకటనలు చూస్తే గ్రాఫిక్ డిజైనర్, విజువల్ డిజైనర్, యూఐ, యూఎక్స్, ప్రోడక్ట్ డిజైనర్ అని ఏవేవో పేర్లు. కంపెనీలు ఎవరిని దేనికి తీసుకుంటాయి? ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు యూఐ యూఎక్స్ కోర్సుకు 80 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?
– ఒక తండ్రి, జడ్చర్ల

జవాబు: 80 వేలు ఇప్పుడే కట్టకండి సార్. ముందు ఈ పేర్ల సంగతి చూద్దాం.

మీ షాపులో గిరాకీతో మాట్లాడేది, డిజైన్ చేసేది, ప్రింటు తీసేది దాదాపు ఒక్క మనిషే కదా. చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా అంతే. మొదటి డిజైనర్‌ని తీసుకునేటప్పుడు ప్రకటనలో ఏ పేరు పెట్టినా, వాళ్లకు కావలసింది అన్నీ చూసుకునే మనిషి. టీమ్ పెరిగాకే పనులు విడిపోతాయి. అందుకని మీవాణ్ని పైన పేరు వదిలేసి, కింద పని గురించి రాసిన నాలుగు లైన్లు చదవమనండి. సోషల్ మీడియా పోస్టులు, బ్రోచర్లు అని ఉంటే, పేరు ఎంత గొప్పగా ఉన్నా అది గ్రాఫిక్ డిజైనర్ పనే. మీవాడు రేపు పొద్దున చేరినా చేయగలడు. రంగులు, అక్షరాలు, ఐకాన్లు కలిపి కంపెనీకి ఒక రూపం తెచ్చేది విజువల్ డిజైనర్. యాప్‌లో ప్రతి తెర, ప్రతి బటన్ ఎలా ఉండాలో గీసి డెవలపర్ చేతికిచ్చేది యూఐ, అంటే యూజర్ ఇంటర్‌ఫేస్ డిజైనర్.

యూఎక్స్, అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్ దగ్గరే అందరూ తికమకపడతారు. 1993లో ఆపిల్‌లో చేరిన డిజైన్ నిపుణుడు డాన్ నార్మన్ తన హోదాలో ఈ మాట పెట్టుకున్నాక ఇది ఉద్యోగం పేరైంది. పని మాత్రం మన దగ్గరా ఉన్నదే. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారిని చూడండి. పోచంపల్లి చీరకు చేత్తో ఆసు పోయాలంటే, అంటే నేసేముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, ఒక్కో చీరకు దాదాపు 9,000 సార్లు చేయి అటూ ఇటూ ఆడించాలి. వాళ్లమ్మకు భుజం నొప్పి. ఆయన చీర అందం జోలికి పోలేదు, నొప్పి ఎక్కడ పుడుతోందో చూసి 1999లో ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. యూఎక్స్ అంటే అలా చూడటం. వాడేవాడు ఎక్కడ ఆగిపోతున్నాడు, ఎందుకు విసుక్కుంటున్నాడు, ఏ మెట్టు తీసేస్తే పని తేలికవుతుంది అని.

ఆ చూపు, యూఐ చేయి రెండూ ఉండి, కంపెనీకి దీనివల్ల ఏం లాభం అని కూడా ఆలోచించేవాడిని ప్రోడక్ట్ డిజైనర్ అంటున్నారు. వాడేవాళ్ల దగ్గరికి వెళ్లి అడిగి తెలుసుకునే రీసెర్చర్, తెర మీది మాటలు రాసే యూఎక్స్ రైటర్, బొమ్మల్ని కదిలించే మోషన్ డిజైనర్, వీళ్లను విడిగా పెట్టుకునేది ఎక్కువగా పెద్ద కంపెనీలే. కొత్తవాళ్లు నేరుగా రీసెర్చర్‌గా దొరకబుచ్చుకోవడం కష్టం, ఆ ఆశతో మొదలుపెట్టొద్దు.

నేను మహబూబ్‌నగర్ రాకముందు కొన్నాళ్లు ఇలాంటి ఇంటర్వ్యూల్లో కూర్చున్నాను. ఒకబ్బాయి ఫుడ్ డెలివరీ యాప్‌కి పన్నెండు తెరలు తెచ్చాడు, తళతళలాడుతున్నాయి. ఆర్డర్ క్యాన్సిల్ చేస్తే డబ్బులు ఎప్పుడొస్తాయో ఎక్కడ చూపించావంటే నీళ్లు నమిలాడు. తర్వాత దేవరకొండ నుంచి ఒకమ్మాయి వచ్చింది. తెచ్చింది రెండే తెరలు. ఊళ్లో పాల కేంద్రంలో ఇచ్చే చీటీ మీద అన్నీ ఇంగ్లిష్ అంకెలే, వాళ్ల తాత రోజూ పక్కవాణ్ని అడిగేవాడట, నాకెన్ని పైసలు వచ్చినయ్ అని. ఆ అమ్మాయి రూపాయలు పైన పెద్దగా పెట్టి, వెన్న శాతం కింద చిన్నగా పెట్టింది. తాతకు చూపించి రెండుసార్లు మార్చింది కూడా. రంగులు అంత గొప్పగా లేవు. ఉద్యోగం మాత్రం ఆమెకే ఇచ్చాం.

మీవాడికి ఒక బలం ఉంది, దాన్ని తక్కువ చేసుకోవద్దు. బైక్ మీద పోయేవాడికి ఏ అక్షరం కనపడుతుందో, నలుగురు నాయకుల ఫొటోల్లో ఎవరిది ఎంత సైజు పెడితే గొడవ రాదో వాడికి తెలుసు! కొత్తగా నేర్చుకోవలసిందీ ఉంది. షాపులో అను ఫాంట్లతో తెలుగు కొడుతుంటాడు. యాప్‌లో అవి చెల్లవు, ఏ ఫోన్లోనైనా తెలుగు సరిగ్గా కనపడే యూనికోడ్ కావాలి. ఇంగ్లిష్ చూసి వదిలిన లైన్ల సందులో తెలుగు వత్తులు ఇరుక్కుంటాయి, అది సరిచేయడం రావాలి. ఫ్లెక్సీ ఒకసారి కట్టాక మారదు, తెర అలా కాదు. నెట్ పోతే ఏం కనపడాలి, నంబర్ తప్పు కొడితే ఏం చెప్పాలి, ఇవన్నీ గీయాలి.

కాబట్టి నా మాట, ముందు చిన్న కంపెనీలో యూఐ పని చూసుకోమనండి. ప్రోడక్ట్ డిజైనర్ రెండు మూడేళ్ల తర్వాతి సంగతి. తెరలు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్‌ని దాని ఉచిత ప్లాన్‌లోనే నేర్చుకోవచ్చు. కోర్సే చేయాలనుకుంటే, డిగ్రీ ఉంది కాబట్టి డిజైన్ పీజీ సీట్ల కోసం ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష రాయొచ్చు. కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్‌లో ఎం.డిజైన్ సీట్లకు ఆ స్కోరు చూస్తారు, బీకాంతో అర్హత ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోమనండి.

ఈ నెల మాత్రం ఒక పని చెప్పండి. మీ షాపుకే ఫోన్లో ఫ్లెక్సీ ఆర్డర్ ఇచ్చే ఫారం చేయమనండి. సైజు, ఫొటోలు, పేర్లు, ఏ రోజుకు కావాలి, అడ్వాన్స్ ఎంత. చేశాక షాపుకొచ్చిన గిరాకీ ఒకరి చేతికి ఫోన్ ఇచ్చి నింపమనాలి. మీవాడు పక్కనే నిలబడి, నోరు మెదపకుండా, ఆయన వేలు ఎక్కడ ఆగుతుందో రాసుకోవాలి. ఆ కాగితం, మార్చిన ఫారం రెండూ పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లమనండి.