నలభై దాటాక అమెరికా వస్తున్నారా? సూట్‌కేసు సర్దే ముందు ఒక మాట

నల్లకుంటలో అమ్మ దగ్గరికి వచ్చి మూడు వారాలైంది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్న. పక్క ఫ్లాట్ వదిన, చెల్లెలి తోడికోడలు, శంకర్ మఠ్ దగ్గర కనిపించిన నా కాలేజీ స్నేహితురాలు, ముగ్గురూ అడిగింది అదే: "అక్కడికెళ్తే ఆడవాళ్ళంతా లావైపోతారట, షుగర్ వస్తుందట, నిజమేనా? ఏం తినాలి అక్కడ?" ముగ్గురూ ఆరు నెలల్లో బయల్దేరుతున్నారు. ఇద్దరికి అన్నదమ్ములు ఎప్పుడో వేసిన గ్రీన్ కార్డు పిటిషన్ ఇప్పటికి తేలింది, ఒకావిడ భర్తని కంపెనీ పంపిస్తోంది. ముగ్గురికీ నలభై దాటాయి. నేనూ అలాగే 2009లో, 43 ఏళ్ళప్పుడు, అన్నయ్య పిటిషన్ మీద పదేళ్ళకి పైగా ఎదురుచూసి న్యూజెర్సీ వెళ్ళినదాన్ని. పాతికేళ్ళ వయసులో చదువుకో ఉద్యోగానికో వచ్చిన పిల్లలకి చెప్పే సలహాలు మనకి సరిపోవు, మన ఒంటి సంగతి వేరు, అందుకే విడిగా రాస్తున్నా.

మొదటి ఏడాదిలో నేను ఏడు కిలోలు పెరిగాను. పిజ్జాలు, బర్గర్లు తిని కాదు, వాటి మొహం కూడా పెద్దగా చూడలేదు. ఇక్కడ తిన్న పప్పన్నమే అక్కడా తిన్నాను. మారింది తిండి కాదు, నడక. ఇక్కడ లిఫ్ట్ లేని మూడో అంతస్తు, కూరగాయలకి మార్కెట్టు దాకా నడక, బస్సు కోసం పరుగు, సాయంత్రం గుడికి మళ్ళీ నడక. ఇదంతా వ్యాయామం అని ఎవరమూ అనుకోం, లెక్క పెట్టం. అక్కడ ఇంట్లోంచి గ్యారేజీ, గ్యారేజీలోంచి కారు, కారులోంచి ఇండియన్ స్టోర్. చాలా వీధుల్లో ఫుట్‌పాత్ కూడా ఉండదు. డ్రైవింగ్ రానన్నాళ్ళూ ఇల్లు కదలం, వచ్చాక అసలే నడవం.

"పనిమనిషి ఉండదు కదా, ఇంటిపనంతా మనమే చేస్తాం, అది చాలదా?" అని వదిన అడిగింది. కొంత పనికొస్తుంది, కాదనను. కానీ స్టవ్ ముందు రెండు గంటలు నిలబడితే మోకాళ్ళు నొప్పెడతాయి గానీ గుండె వేగం పెరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి వేగంతో కదలమని, దానికి తోడు వారానికి రెండు రోజులైనా కండరాలకి పని చెప్పమని. ఓ మాదిరి అంటే ఎంత? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంతే కొలత.

ఆ రెండో సగాన్ని, అంటే కండరాల సంగతిని, మన ఆడవాళ్ళు అస్సలు పట్టించుకోరు. వాకింగ్ చేస్తే చాలనుకుంటారు. నేనూ ఆరేడేళ్ళు అలాగే అనుకున్నాను. నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గేకొద్దీ ఎముకల గట్టిదనం వేగంగా తగ్గుతుంది, కండ కరుగుతుంది, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. బరువు మెషీన్ మీద అంకె మారకపోయినా లోపల జరిగేది ఇదే. ఇక్కడ పాతకాలం ఇళ్ళలో కింద కూర్చుని లేవడం, గొంతుక్కూర్చుని ముగ్గెయ్యడం, బట్టలుతకడం వల్ల తొడలకి తెలియకుండానే పని ఉండేది. అక్కడ కమోడ్, సోఫా, డైనింగ్ టేబుల్, అన్నీ మోకాలి ఎత్తులోనే ఉంటాయి. ఓసారి బతుకమ్మ రోజున అసోసియేషన్ హాల్లో కింద కూర్చున్నదాన్ని లేవడానికి పక్కావిడ చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది, ఆ రోజు నిజంగా సిగ్గేసింది. అప్పట్నుంచి జిమ్ముకి పోవడం కాదు, చేసింది ఇంతే: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, గోడకి చేతులు పెట్టి తోయడం, మెట్లెక్కడం, రోజుకో పూట కింద కూర్చుని తినడం. తర్వాత చిన్న డంబెల్స్ కొనుక్కున్నాను. సోనా మసూరి బస్తా 20 పౌండ్లది, అంటే సుమారు 9 కిలోలు, మా ఆయన కోసం ఎదురుచూడకుండా కారులోంచి నేనే దించుకుంటున్నాను ఇప్పుడు. మోకాళ్ళు, నడుము నొప్పులున్నవాళ్ళు మాత్రం మొదట డాక్టర్‌నో ఫిజియోథెరపిస్ట్‌నో అడిగి మొదలుపెట్టండి.

ఇంకోటి, ఎవరూ ముందుగా చెప్పని విషయం. వెళ్ళిన రెండో చలికాలంలో నాకు అర్ధరాత్రి ఒళ్ళంతా చెమటలు. హీటర్ పాడైందనుకున్నాను. థర్మోస్టాట్ నేను తగ్గించడం, మా ఆయన లేచి పెంచడం, ఇద్దరికీ గొడవ. మెకానిక్‌ని కూడా పిలిచాం, డబ్బు దండగ. హీటర్ బాగానే ఉంది, పాడైంది, పాడైంది అనకూడదేమో, మారింది నా ఒళ్ళు. మన భారతీయ ఆడవాళ్ళలో సగటున 46, 47 ఏళ్ళకే నెలసరి ఆగిపోతుంది, అక్కడివాళ్ళకి 51 దాకా ఉంటుంది. కాబట్టి అక్కడి స్నేహితురాళ్ళని చూసి "నాకింకా టైముందిలే" అనుకోకండి. ఆగడానికి కొన్నేళ్ళ ముందునుంచే నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆవిర్లు మొదలవుతాయి. కొత్త దేశం, ఒంటరితనం, ఉద్యోగం లేకపోవడం, వాటితో కలిసి వస్తాయి గనక "హోమ్ సిక్‌లే" అని సరిపెట్టుకుంటాం. ఓర్చుకోవాల్సిన పని లేదు, వీటికి మందులున్నాయి, డాక్టర్‌తో మాట్లాడండి. ఏడాది పాటు పూర్తిగా ఆగిపోయాక మళ్ళీ ఒక్క చుక్క రక్తం కనిపించినా మాత్రం ఆగకండి, వెంటనే చూపించుకోండి.

డాక్టర్ సంగతి వచ్చింది కాబట్టి నా బాధ ఒకటి చెప్పాలి. వెళ్ళిన కొత్తలో ఒక క్లినిక్‌లో ఎత్తు, బరువు చూసి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 24, నార్మల్ అని పంపేశారు. నేనూ సంతోషపడ్డాను. రెండేళ్ళ తర్వాత వేరే చోట మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష చేస్తే హెచ్‌బీఏ1సీ 6.1. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ కింద లెక్క, 6.5 నుంచి షుగరే. సంగతేంటంటే అక్కడ అందరికీ వాడే బీఎంఐ 25 గీత మన దక్షిణాసియా వాళ్ళకి సరిపోదు, తక్కువ బరువుకే మనకి షుగర్ వస్తుంది. ఆసియన్లకి 23 నుంచే పరీక్ష గురించి ఆలోచించమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది, కానీ ఎదుటి డాక్టర్‌కి అది గుర్తుండాలని లేదు. కాబట్టి మీరే నోరు తెరిచి అడగండి: "మా అమ్మకి షుగర్ ఉంది, నాకు ఏ1సీ చేయించండి" అని. ఇంట్లో టేపు పెట్టి నడుము కూడా కొలుచుకోండి, మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

ఇన్సూరెన్స్ ఉంటే ఏడాదికోసారి చేసే ప్రివెంటివ్ చెకప్‌కి మామూలుగా డబ్బు కట్టక్కర్లేదు, నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టర్ అయితే. కానీ ఆ అపాయింట్‌మెంట్‌లోనే "పనిలో పని, మోకాలు కూడా నొప్పి" అన్నారనుకోండి, దానికి విడిగా బిల్లు రావచ్చు. నాకొచ్చింది. 40 నుంచి 74 ఏళ్ళ దాకా రెండేళ్ళకోసారి మామోగ్రామ్ (రొమ్ము క్యాన్సర్ పరీక్ష), 45 నుంచి పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష, గర్భాశయ ముఖద్వారం పరీక్ష, ఇవి అక్కడ మామూలుగా చెప్పేవే. మొహమాటపడి వాయిదా వేయకండి. ఆడ డాక్టర్ కావాలని అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చే అమ్మలకైతే ఇవన్నీ హైదరాబాద్‌లోనే చేయించుకుని రావడం మంచిది, విజిటర్ ఇన్సూరెన్సులు ఇలాంటి చెకప్‌లకి సాధారణంగా డబ్బివ్వవు.

ఇక తిండి. ఓట్స్, క్వినోవా, కేల్ అని కంగారు పడకండి. మన తిండి మానాల్సిన పని లేదు, కంచంలో దేనికెంత చోటు ఇస్తున్నామో అదే చూసుకోవాలి. చిత్రం ఏంటంటే ఈ లెక్క నాకు అమెరికాలో దొరకలేదు, మన తార్నాకలో దొరికింది. యూనివర్సిటీకి వెళ్ళేటప్పుడు బస్సులోంచి చూసేవాళ్ళం, జాతీయ పోషకాహార సంస్థ బోర్డు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చిన సంస్థ అది. 2024లో వాళ్ళు భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలు విడుదల చేశారు. 2000 కేలరీల కంచానికి రోజంతా కలిపి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు 400, పండ్లు 100, పప్పులు లేదా గుడ్లు మాంసం 85, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు, నువ్వుల్లాంటి గింజలు 35, నూనె 27 గ్రాములు. కూర్చునే పని ఎక్కువైన మనకి మొత్తం ఇంకాస్త తక్కువే సరిపోతుంది.

అది చదివాక మా వంటింట్లో కొలిచి చూశాను. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పుకి సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. ఇద్దరికి పూటకి రెండు కప్పులు వండుతున్నాం, అంటే మనిషికి రెండు పూటలకే 300 గ్రాములు, పొద్దున ఇడ్లీ దోసెల మాట అటుంచి. కూరేమో రెండు గరిటెలు. తలకిందులుగా ఉంది లెక్క! ఇప్పుడు మధ్యాహ్నం ఇద్దరికీ కలిపి ఒక్క కప్పే, రాత్రికి జొన్నరొట్టె, కూర మాత్రం గిన్నెడు. తోటకూర పప్పు చారులా పల్చగా కాకుండా ముద్దపప్పులా చేస్తాను, నీళ్ళ పప్పులో ప్రొటీన్ ఏముంటుంది చెప్పండి. ప్రొటీన్ కిలో బరువుకి రోజుకి 0.8 గ్రాములైనా కావాలి, 60 కిలోల మనిషికి 48 గ్రాములన్నమాట. గుడ్డుకి 6 గ్రాములు, కప్పు పెరుగుకి 8 దాకా. అక్కడ దొరికే గ్రీక్ యోగర్ట్ చిన్న డబ్బాలో 15 దాకా ఉంటుంది, తియ్యనిది కాకుండా ప్లెయిన్‌ది కొని మజ్జిగలో కలిపి తిరగమోత పెట్టండి, తేడా ఎవరూ కనిపెట్టలేరు. సోయాపాలతో చేసే టోఫుని పాలకూరలో వేసి వండుతాను, పనీర్ అని అబద్ధం చెప్తాను. పెసరట్టు ఉండనే ఉంది. ప్రొటీన్ పౌడర్ల వెంటపడకండి, తార్నాక వాళ్ళూ ఒద్దనే అన్నారు.

ఆకుకూరలు దొరకవని భయపడకండి. మెంతికూర, గోంగూర ఇండియన్ స్టోర్లలో తాజాగానో ఫ్రోజెన్‌లోనో ఉంటాయి, ఫ్రోజెన్ కూరగాయలు తక్కువేం కాదు. కొనే డబ్బా వెనక లేబుల్ చూడటం నేర్చుకోండి. ముందు సర్వింగ్ సైజు చూడాలి, చిన్న ప్యాకెట్‌లో కూడా మూడు సర్వింగులు ఉండొచ్చు. తర్వాత సోడియం, యాడెడ్ షుగర్. పక్కనున్న శాతం, అంటే రోజు కోటాలో వంతు, 5 అయితే తక్కువ, 20 అయితే చాలా ఎక్కువ. ఉప్పు రోజుకి 5 గ్రాములు మించొద్దంటారు, ఆవకాయ, వడియాలు, అప్పడం, పొడి అన్నీ ఒకే పూట వేసుకునే మనకి అదెక్కడ సరిపోతుంది.

మాత్రల మాట. ఇక్కడి నుంచి విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్లు కట్టలు కట్టలుగా పట్టుకెళ్తారు. డాక్టర్ ఎనిమిది వారాలకి రాసింది మూడేళ్ళు వేసుకున్న ఆవిడ నాకు తెలుసు. డాక్టర్ చెప్పకుండా రోజుకి 4000 యూనిట్లు మించకూడదు, ఆ సాచెట్ వారానికొకటి అంటే దానికి రెట్టింపు పైనే. మీ చివరి రిపోర్టు పట్టుకెళ్ళి అక్కడి డాక్టర్‌కి చూపించి అడగండి. న్యూజెర్సీ చలికాలపు ఎండతో డి విటమిన్ తయారవడం కష్టమే, అక్కడి పాలలో మాత్రం చాలావాటికి కలిపే అమ్ముతారు. కాల్షియం 50 దాటిన ఆడవాళ్ళకి రోజుకి 1200 మిల్లీగ్రాములు. పాలు, పెరుగు, రాగి జావ, నువ్వుల పొడితో చాలావరకు వస్తుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం ఇవ్వాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. శాకాహారులు బీ12 చూపించుకోండి. నెలసరి ఆగాక ఐరన్ అవసరం బాగా తగ్గుతుంది, ఊరికే ఐరన్ ఉన్న మల్టీవిటమిన్ మింగకండి.

చలికాలం మీకు అసలు పరీక్ష. డిసెంబర్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. మంచు కరిగి గడ్డకట్టిన నేల అద్దంలా ఉంటుంది, కనిపించను కూడా కనిపించదు, నాకు తెలిసినావిడ అలా జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ నెలల్లో బయట శౌర్యం వద్దు. పెద్ద మాల్స్‌లో పొద్దున్నే నడిచే ఆడవాళ్ళుంటారు, వాళ్ళలో కలిసిపోండి, షాపింగ్ చేయక్కర్లేదు. భోంచేశాక పదిహేను నిమిషాలు ఇంట్లోనే హాలు నుంచి వంటింటికి తిరిగినా షుగర్‌కి మంచిదే, నేను అమ్మకి ఫోన్ చేసే టైము అదే పెట్టుకున్నాను. సెప్టెంబర్ వస్తే మన తెలంగాణ వాళ్ళు బతుకమ్మ ప్రాక్టీసులు మొదలుపెడతారు, వెళ్ళండి. వంగి, లేచి, చప్పట్లు కొడుతూ గంటసేపు ఆడితే ఏ జుంబా క్లాసుకీ తీసిపోదు, నలుగురు మనుషులు దొరుకుతారు కూడా. ఇక్కడ ఉన్నన్నాళ్ళు నేను వారంలో రెండు రోజులు పొద్దున్నే కేబీఆర్ పార్కుకి వెళ్తున్నాను, అక్కడి ఎత్తుపల్లాల్లో నా కాళ్ళు ఎంతవరకు నిలుస్తున్నాయో చూసుకోవడానికి.

నిన్న సాయంత్రం వదిన సూట్‌కేసు సర్దడానికి పిలిచింది. ఒక్కో పెట్టె 23 కిలోలే కదా, అందులో ఆరు కిలోలు పచ్చళ్ళు. రెండు డబ్బాలు బయటికి తీసి ఆ చోట్లో పాత రిపోర్టుల ఫైలు, నువ్వులు, రాగి పిండి పెట్టాను. "అవన్నీ అక్కడ దొరుకుతాయి కదా వదినా" అంది. దొరుకుతాయి. పచ్చళ్ళూ దొరుకుతాయి అన్నాను. నవ్వి, నేను టీ తాగి వచ్చేలోపు ఒక ఆవకాయ డబ్బా మళ్ళీ లోపల పెట్టేసింది. ఫైలు మాత్రం తీయలేదు.