పాజిట్రాన్ల మీద పీహెచ్‌డీయా, డేటా సైన్స్ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఎస్సీ. ఫిజిక్స్ పూర్తి చేసింది, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. పాజిట్రాన్ల మీద (ఎలక్ట్రాన్ లాంటివే, కానీ ధనావేశం ఉన్న కణాలట) పీహెచ్‌డీ చేస్తానంటోంది. అవి వాయువుల్లో, ద్రవాల్లో, ఘనపదార్థాల్లో ఎలా అంతమవుతాయో చూడటమే ఆ పరిశోధనట. ఈ మూడింటిలో దేనికి భవిష్యత్తు ఉంది? లేక అమీర్‌పేటలో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు చేయిస్తే మేలా? రేడియేషన్ అంటే భయంగా ఉంది. పెళ్లి ఆలస్యమవుతుందని ఇంట్లో టెన్షన్ కూడా.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు చివర్లో రాసిన ఆ టెన్షనే అసలు ప్రశ్న అనిపించింది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. సబ్జెక్టు పేరు మారుతుంది, భయం మాత్రం అదే: అయిదేళ్లు చదివాక చేతిలో ఏమీ లేకపోతే పిల్ల గతేమిటని. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న పిల్లను కోచింగ్ సెంటర్‌కు పంపుదామన్న ఆలోచన మాత్రం తప్పే. నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు ఫెలోషిప్ వస్తుంది. అది వదిలేయించి, ఎదురు ఫీజు కట్టి, పక్కింటి అబ్బాయి చేసిన కోర్సే చేయిస్తారా?

ఆ కోర్సు మీద నా అనుమానాలు దాచుకోను. ఆరు నెలల్లో పైథాన్, కాస్త ఎస్‌క్యూఎల్, నాలుగు రెడీమేడ్ ప్రాజెక్టులు నేర్పుతారు. అదే బ్యాచ్‌లో అందరి రెజ్యూమెల్లోనూ అవే ప్రాజెక్టులు ఉంటాయి. శుభ్రం చేసి పెట్టిన డేటాతో పని చేయడం ఇప్పుడు ఏఐ టూల్స్ కూడా చేస్తున్నాయి. ఈ కొలత నమ్మదగినదేనా, తప్పు ఎక్కడి నుంచి వచ్చింది అని పట్టుకోగల మనిషికే విలువ. అది కోర్సులో రాదు, ల్యాబ్‌లో వస్తుంది.

ఎలాగో చూడండి. పల్చని రేకు మీద రేడియోధార్మిక సోడియం-22 లవణం ఒక చుక్క ఆరబెట్టి మూసేస్తారు. దానికి అటూ ఇటూ పరీక్షించాల్సిన లోహం ముక్కలు పెడతారు. సోడియం నుంచి పాజిట్రాన్, 1275 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న గామా కిరణం దాదాపు ఒకేసారి వెలువడతాయి. ఆ గామా కిరణంతో గడియారం మొదలవుతుంది. లోహంలోకి దూరిన పాజిట్రాన్ కొన్ని పికోసెకన్లలోనే (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు) వేగం కోల్పోతుంది, కాసేపు తిరుగుతుంది, చివరకు ఒక ఎలక్ట్రాన్‌తో కలిసి రెండూ మాయమవుతాయి. సాధారణంగా 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు రెండు ఎదురెదురు దిక్కులకు పోతాయి. వాటిలో ఒకటి గడియారాన్ని ఆపుతుంది. లోపాలు లేని అల్యూమినియంలో ఈ ఆయుష్షు సుమారు 160 పికోసెకన్లు. ఎక్కడైనా ఒక పరమాణువు లేని ఖాళీ ఉంటే, నిండిన బస్సులో ఖాళీ సీటు చూసుకున్నట్టు పాజిట్రాన్ అక్కడే చేరుతుంది. అక్కడ ఎలక్ట్రాన్లు తక్కువ కాబట్టి 240 దాకా బతుకుతుంది. కానీ పరికరానికే 200 పికోసెకన్ల మసక ఉంటుంది. పది లక్షల కొలతలు పోగేసి, ఆ మసకలోంచి 160ని, 240ని విడదీయాలి. ఈ పని చేతులారా చేసిన అమ్మాయిని ఏ డేటా ఇంటర్వ్యూలోనైనా కూర్చోబెట్టండి, జవాబు చెప్పి వస్తుంది.

ఇక మీరడిగిన మూడింటి సంగతి. ఘనపదార్థాల పని మన దేశంలో బాగా పాతుకుపోయింది: కల్పాక్కంలో రియాక్టర్ లోహాల మీద, ముంబై బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం)లో, కోల్‌కతా సాహా ఇన్‌స్టిట్యూట్‌లో. ద్రవాల్లో పాజిట్రాన్, ఎలక్ట్రాన్ జతకట్టి పాజిట్రోనియం అవుతుంది, చుట్టూ చిన్న బుడగ చేసుకుంటుంది. శూన్యంలో 142 నానోసెకన్లు (ఒక నానోసెకను వెయ్యి పికోసెకన్లు) బతికే రకం నీటిలో రెండు లోపే పోతుంది. కెమిస్ట్రీ ఇష్టమైతే ఇది బాగుంటుంది. ప్లాస్టిక్‌ల లోపలి ఖాళీలను కొలవడానికీ ఇదే దారి. వాయువుల పని అందమైనది. మార్టిన్ డాయిచ్ 1951లో పాజిట్రోనియాన్ని కనిపెట్టింది వాయువుల్లోనే. కానీ నేటి ప్రయోగాలకు పాజిట్రాన్లను పట్టి ఉంచే ఖరీదైన ట్రాప్‌లు కావాలి కాబట్టి విదేశాలకు సిద్ధపడాలి. ఇంతకుమించి పోల్చి లాభం లేదు. అమ్మాయికి ఏది నచ్చితే అదే సరైనది.

రేడియేషన్ గురించి నిశ్చింతగా ఉండండి. ల్యాబ్‌లో వాడేది సాధారణంగా కొన్ని పదుల మైక్రోక్యూరీల (రేడియోధార్మికతకు కొలమానం) సోడియం సోర్సు, అదీ మూసి ఉన్నది. పెట్ స్కాన్‌కు వచ్చే రోగికి ఎక్కించే మందులో అంతకు వందల రెట్లు ఉంటుంది.

పెట్ స్కాన్‌లోనూ పాజిట్రాన్లే కదా, ఆసుపత్రి ఉద్యోగం వస్తుందిలే అనుకుంటే మాత్రం పొరపాటు. మెడికల్ ఫిజిసిస్ట్ కావాలంటే బార్క్‌లో రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా లాంటి వేరే అర్హత, ఆపైన ఆసుపత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. పర్మనెంట్ లెక్చరర్ పోస్టు గ్యారంటీ అని కూడా చెప్పను, అవి తక్కువ, భర్తీ నిదానం. అయినా డిటెక్టర్లు, ఎలక్ట్రానిక్స్, వాక్యూమ్, కోడింగ్ వచ్చిన మనిషి ఖాళీగా ఉండరు.

పెళ్లి సంగతికి వస్తే, కాస్త గట్టిగానే అంటున్నాను, ఏమనుకోకండి. పీహెచ్‌డీ మధ్యలో పెళ్లి చేసుకుని పూర్తి చేసినవాళ్లు ప్రతి యూనివర్సిటీలో ఉన్నారు. రాని సంబంధం కోసం వచ్చిన ఫెలోషిప్ వదలమనడం ఏం న్యాయం? ఇంత పెద్ద ఉత్తరం నాకు రాశారు, అందులో అమ్మాయికి ఆ సబ్జెక్టు ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క లేదు. ముందు ఆమెను అడగండి.

చేరే ముందు గైడ్‌ను అడగాల్సినవి కొన్ని ఆమెకు చెప్పండి. గతంలో ఆయన దగ్గర చేసినవాళ్లు ఎన్నేళ్లలో బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు? ఆయుష్షు కొలిచే పరికరం, అంటే స్పెక్ట్రోమీటర్ పని చేస్తోందా? సోర్సు ఎప్పటిది? సోడియం-22 అర్ధాయువు (బలం సగానికి తగ్గే కాలం) 2.6 ఏళ్లు. అంటే పీహెచ్‌డీ ముగిసేసరికి దాని బలం పావు వంతుకు పడిపోతుంది. అదే కొలతకు నాలుగు రెట్ల సమయం పడుతుంది. ఇప్పటికే పాతబడిన సోర్సైతే కొత్తదానికి డబ్బు, అనుమతి ఉన్నాయో లేదో తేల్చుకున్నాకే చేరమనండి.