పరిహారం సొమ్ముతో స్థలం కొనమంటున్నారు, కొనాలా?

ప్రశ్న: మాది గుంటూరు. నా వయసు 34. రెండేళ్ల కిందట నా బైకును లారీ ఢీకొని వెన్నుపాము దెబ్బతింది. టీ10 స్థాయి అన్నారు. నడుము కింద స్పర్శ, కదలిక లేవు. వీల్‌చైర్ వాడుతున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటి నుంచే చేస్తున్నాను. జీతం ఏటా రూ.10 లక్షలు, చేతికి నెలకు రూ.78 వేలు వస్తాయి. నన్ను చూసుకోవడానికి నా భార్య ఉద్యోగం మానేసింది. ఐదేళ్ల పాప ఉంది. ఇల్లు సొంతమే. లోక్ అదాలత్‌లో రూ.64 లక్షలకు రాజీ కుదిరింది. అందులో రూ.30 లక్షలు ఐదేళ్లు ఎఫ్‌డీలో ఉంచి నెలనెలా వడ్డీ ఇవ్వమన్నారు. మిగతా రూ.34 లక్షలు నా ఖాతాలో ఉన్నాయి. రాజధాని దగ్గర రూ.28 లక్షలకు స్థలం ఉంది, కొనేయమని మా మావయ్య అంటున్నారు. నాకేమో చేతులతో నడిపే కారు కొనుక్కుని, ఇంట్లోవాళ్లతో నాలుగు ఊళ్లు తిరగాలని ఉంది. ఏది ముందు?

జవాబు: స్థలం వద్దు. కారు కొనండి, కాకపోతే సెకండ్ హ్యాండ్‌ది. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఈ సొమ్ము ఇకమీదట మీ ఒంటికి అయ్యే ఖర్చుకు ఒకేసారి అందిన అడ్వాన్సు. ఆ ఖర్చు నెలకెంతో తేలకుండా దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పడం కుదరదు. మీరు వివరాలు రాయలేదు కాబట్టి అంచనాగా వేస్తున్నాను. మీ మందుల షాపు బిల్లులు ముందు పెట్టుకుని సరిచేసుకోండి.

మూత్రాశయంలో 400-500 మిల్లీలీటర్లకు మించి నిలవకుండా రోజుకు ఐదుసార్లు కాథెటర్ (మూత్రం తీసే సన్నని గొట్టం) వేసుకుంటారనుకుందాం. నెలకు 150 అవుతాయి. మామూలు పీవీసీ రకం ఒక్కోటి రూ.25 చొప్పున రూ.3,750. జారుడు పూతతో వచ్చే హైడ్రోఫిలిక్ రకం ఒక్కోటి రూ.150 అనుకుంటే రూ.22,500. మీ బడ్జెట్‌ను తలకిందులు చేసేది ఈ ఒక్క ఎంపికే. ఇంట్లో మామూలువి, ప్రయాణాల్లో హైడ్రోఫిలిక్ వాడితే చాలామందికి సరిపోతుంది. మీ యూరాలజిస్టు వేరేలా చెబితే మాత్రం ఆయన మాటే వినండి. జెల్లీ, గ్లవ్స్, వైప్స్‌కు రూ.1,500, విరేచనం కోసం వాడే సపోజిటరీలు వగైరాకు రూ.800, కండరాల బిగుతుకూ మూత్రాశయానికీ నరాల నొప్పికీ వాడే మందులకు రూ.3,000, ఫిజియోథెరపీకి నెలకు 12 సార్లు రూ.500 చొప్పున రూ.6,000. మొత్తం దాదాపు రూ.15,000.

అందరూ మరిచిపోయేది అరిగిపోయే వస్తువుల ఖర్చు. గాలి కుషన్ రూ.35 వేలు, మూడేళ్లు వస్తే గొప్ప. వీల్‌చైర్ రూ.75 వేలు, ఐదేళ్లు. టైర్లు, ట్యూబులు, ముందు చిన్న చక్రాల బేరింగులకు ఏటా రూ.6 వేలు. కిడ్నీల స్కానింగ్, క్రియాటినిన్, యూరిన్ కల్చర్, అవసరమైతే యూరోడైనమిక్స్ పరీక్షలకు ఏటా రూ.15 వేలు. వీటన్నిటినీ నెలకు పంచితే ఇంకో రూ.4,000. అంటే నెలకు రూ.19 వేలు, ఏడాదికి రూ.2.28 లక్షలు. మనిషిని పెట్టుకుంటే అయ్యే ఖర్చు ఇందులో లేదు.

ఇప్పుడు ఓ చిన్న కిటుకు. పన్ను పోను మీకొచ్చే రాబడి, ధరల పెరుగుదల రెండూ సమానమనుకుంటే, ఉన్న సొమ్మును ఏడాది ఖర్చుతో భాగిస్తే ఎన్నేళ్లు వస్తుందో తెలిసిపోతుంది. రూ.64 లక్షలు మొత్తం అట్టే పెడితే 28 ఏళ్లు, మీకు 62 ఏళ్లు వచ్చేదాకా. స్థలానికి రూ.28 లక్షలు పోతే మిగిలిన రూ.36 లక్షలు 16 ఏళ్లలోపే, మీ యాభయ్యో ఏటికే ఖాళీ. నెలకు రూ.18 వేలకు మనిషిని పెట్టుకోవాల్సి వస్తే మొత్తం సొమ్ము కూడా 14 ఏళ్లకు మించి రాదు. స్థలం ధర పెరగొచ్చు, కాదనను. కానీ పడక పుండుతో ఆసుపత్రిలో చేరిన రోజున ఆ స్థలంలో రెండు గజాలు అమ్ముకోలేరు.

రూ.30 లక్షలు ఎఫ్‌డీలో బిగించినందుకు మీకు కాస్త కష్టంగా ఉండొచ్చు. నిజానికి మేలే జరిగింది. 6.5 శాతం వడ్డీ అనుకుంటే నెలకు రూ.16,250 వస్తుంది. దీన్ని జీతం ఖాతాలో కలపకండి. విడిగా ఒక ఖాతా తెరిచి కాథెటర్లు, మందులు, కుషన్ అన్నీ అందులోంచే కొనండి. గడువుకు ముందు ఆ ఎఫ్‌డీ తీయాలంటే కోర్టు అనుమతి కావాలి. వైద్యం కోసమైతే ఆసుపత్రి అంచనా పత్రం జతచేసి మీ లాయరు ద్వారా పిటిషన్ వేయవచ్చు.

మిగతా రూ.34 లక్షల్లో రూ.4 లక్షలు ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా స్వీప్ ఎఫ్‌డీలో ఉంచండి. ఇంటి మార్పులకు రూ.3 లక్షలు. ర్యాంపు వాలు అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలి. గుమ్మం అడుగున్నర ఎత్తుంటే 18 అడుగుల ర్యాంపు అన్నమాట. మేస్త్రీలు స్థలం లేదని ఆరడుగుల్లో ముగించేస్తారు. ఆ ర్యాంపు మీద కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. బాత్రూమ్ తలుపు కనీసం 32 అంగుళాలు ఉండాలి, గడప ఉండకూడదు. కారుకు రూ.6 లక్షలు. పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకంలో రూ.9 లక్షలు. ఒక్కరి పేరు మీద గరిష్ఠ పరిమితి అంతే. 7.4 శాతం చొప్పున నెలకు రూ.5,550 వస్తుంది. ఎఫ్‌డీ వడ్డీతో కలిపి రూ.21,800. మీ ఒంటి ఖర్చు జీతం ముట్టకుండానే ఇప్పటికి గడిచిపోతుంది. మిగిలిన రూ.12 లక్షలు లిక్విడ్ ఫండ్‌లో (రిస్కు తక్కువ ఉండే మ్యూచువల్ ఫండ్) వేసి, అక్కడి నుంచి 18 నెలల పాటు నెలనెలా నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌కు (50 పెద్ద కంపెనీల షేర్లలో పెట్టే ఫండ్) మళ్లించండి. పదేళ్ల తర్వాత రెట్టింపయ్యే కాథెటర్ బిల్లు కోసం ఇది. పదేళ్లదాకా ముట్టుకోకుండా ఉండగలిగితేనే పెట్టండి.

మిగతాది కూడా వడ్డీ వచ్చే వాటిలోనే ఎందుకు వద్దంటున్నానంటే, పన్ను. పరిహారం అసలుకు పన్ను లేకపోయినా దానిమీద మీరు సంపాదించే వడ్డీకి ఉంటుంది. కొత్త పద్ధతిలో జీతం రూ.10 లక్షల్లోంచి రూ.75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా రూ.9.25 లక్షలు. ఎఫ్‌డీ వడ్డీ రూ.1.95 లక్షలు, పోస్టాఫీసు వడ్డీ దాదాపు రూ.67 వేలు కలిపితే రూ.11.87 లక్షలు. ఇంతవరకైతే రూ.12 లక్షలలోపే కాబట్టి పన్ను సున్నా, కానీ స్వీప్ ఎఫ్‌డీ వడ్డీ, లిక్విడ్ ఫండ్ నుంచి మళ్లించేటప్పుడు వచ్చే లాభం కూడా కలిస్తే ఈ గీత దాటొచ్చు. ఆ గీత దాటిన మొదటి రూ.70 వేల దాకా దాదాపు వచ్చిందంతా పన్నుకే పోతుంది. అలా గానీ, వచ్చే ఇంక్రిమెంటుతో గానీ దాటిపోయేలా ఉంటే కంపెనీ వాటా ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) అడగండి. మూల వేతనంలో 14 శాతం దాకా కొత్త పద్ధతిలోనూ మినహాయింపు ఉంది. భార్య పేరు మీద వేస్తే పన్ను తప్పుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీరిచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీ తిరిగి మీ ఆదాయంలోనే కలుస్తుంది. 80 శాతం, అంతకు పైన వైకల్యం ఉన్నవారికి ఇచ్చే రూ.1.25 లక్షల మినహాయింపు పాత పద్ధతిలోనే దొరుకుతుంది. మీ లెక్కలో దానితో పని లేదు.

బీమా సంగతి. కంపెనీ గ్రూపు పాలసీ ఉన్నంతవరకు ధీమాగానే ఉంటుంది. ఉద్యోగం పోయిన రోజునే అసలు సమస్య. అందుకే ఇప్పుడే సొంత పాలసీ తీసుకోండి. వైకల్యం ఉన్నవారికి ప్రత్యేక పాలసీ తప్పనిసరిగా అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2023 ఫిబ్రవరిలో ఆరోగ్య బీమా అమ్మే కంపెనీలన్నిటికీ చెప్పింది. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ (క్లెయిము ఇవ్వని కాలం) మూడేళ్లకు మించకూడదు. ఆ మూడేళ్లూ ఉద్యోగంలో ఉండగానే గడిచిపోవాలి. భార్యకూ పాపకూ విడిగా ఫ్లోటర్ (ఇద్దరికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ) తీసుకోండి. మిమ్మల్ని కలిపితే మొత్తం దరఖాస్తే ఆగిపోవచ్చు. నిరామయ పథకంలో చేరమని సలహాలిస్తారు. అది ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకే. వెన్నుపాము గాయానికి వర్తించదు.

ఇంకొకటి. మీ ఇంట్లో టర్మ్ పాలసీ, ప్రమాద బీమా ముందు ఉండాల్సింది మీ భార్యకు. ఆమెకు నెల రోజులు నడుంనొప్పి వచ్చినా మీ ఖర్చు రూ.18 వేలు పెరుగుతుంది. పొద్దున విరేచనం, స్నానం, బట్టలకు కలిపి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ఆ కాస్త సమయానికి మనిషిని కుదుర్చుకుంటే రోజంతా ఉండే మనిషికయ్యే దాంట్లో సగం కూడా కాదు. ఆమె మళ్లీ ఉద్యోగానికి వెళ్లే దారి దొరుకుతుంది. మీ ఆర్థిక ప్రణాళికలో ఇంతకంటే ఎక్కువ రాబడి ఇచ్చే పెట్టుబడి నాకు కనిపించడం లేదు.

కారు ఆటోమేటిక్ అయి ఉండాలి. చూడటానికి వెళ్లేటప్పుడు మీ కుర్చీ, టేపు వెంట తీసుకెళ్లండి. కారు సీటు, మీ కుషన్ దాదాపు ఒకే ఎత్తులో ఉంటే భుజాలు బతికిపోతాయి. ముందు తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో చూడండి. సీఎన్‌జీ సిలిండర్ ఉన్న బండి వద్దు, డిక్కీలో కుర్చీ పట్టదు. 18 కిలోల మడత కుర్చీని మీ ఒడి మీదుగా పక్కసీట్లోకి లాగలేరు. చక్రాలు ఊడదీసుకునే తేలికపాటి కుర్చీ కావాలి. ఐఐటీ మద్రాస్ 2025లో తెచ్చిన వైడీ వన్ 9 కిలోలే, ధర రూ.75 వేలు. పైన వేసింది ఆ ధరే. హ్యాండ్ కంట్రోల్ కిట్‌తో పాటు పెడల్ గార్డు తప్పనిసరి. కాలు ఒక్కసారి బిగుసుకుని యాక్సిలరేటర్ మీద పడితే చేతిలో ఏమీ ఉండదు.

కిట్ బిగించడంతో పని అయిపోదు. ఆర్‌టీఓ దగ్గర తనిఖీ చేయించి ఆర్‌సీలో అడాప్టెడ్ వెహికల్ అని రాయించాలి. లైసెన్సు కూడా దానికి తగ్గట్టు మార్పించాలి. ఆ ఆర్‌సీతో బీమా కంపెనీకి రాస్తే మోటారు బీమా నిబంధన ఐఎంటీ 12 కింద ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం తగ్గిస్తారు. చెప్పకుండా వదిలేస్తే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము దగ్గర పేచీ పడుతుంది. జాతీయ రహదారుల టోల్ మినహాయింపు ఫాస్టాగ్‌కు కూడా ఈ నమోదే ఆధారం. దివ్యాంగుల సర్టిఫికెట్‌తో కొత్త చిన్న కారుకు జీఎస్‌టీ పది శాతం మిగులుతుందన్నది పాత మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకు అందరికీ 18 శాతమే.

తిరగడానికి ఏటా రూ.60 వేలు జీతంలోంచి పక్కన పెట్టండి, అది విలాసమేం కాదు. రైల్లో మీకూ, వెంట వచ్చే ఒకరికీ స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం రాయితీ ఉంది. ముందుగా రైల్వే దివ్యాంగుల కార్డు చేయించుకోండి, ఆ నంబరుతో ఆన్‌లైన్‌లోనే టికెట్ వస్తుంది. హోటల్ వాళ్లు వీల్‌చైర్ ఫ్రెండ్లీ అంటే లిఫ్టు ఉందని అర్థం, అంతే. బాత్రూమ్ తలుపుకు అడ్డంగా టేపు పెట్టి ఫొటో పంపమనండి. మీ కుర్చీ 25 అంగుళాలుండి తలుపు 24 ఉంటే రూము డబ్బులు పోయినట్టే. ఐదు రోజులకు 25 కాథెటర్లు సరిపోతాయి కానీ 40 తీసుకెళ్లండి, రెండు బ్యాగుల్లో సర్దండి. దారిలో మూత్రం సమస్య ఎందుకని నీళ్లు తాగడం మానేయకండి. అలా మొదలైన ఇన్‌ఫెక్షన్ ఆసుపత్రిదాకా వెళితే ఆ ఏడాది ప్రయాణాల డబ్బంతా అక్కడే పోతుంది.

విమానమైతే 48 గంటల ముందు చెప్పండి. కుర్చీని ఉచితంగానే తీసుకెళ్తారు. దేశీయ విమానాల్లో సామాను పాడైతే పరిహారం మనిషికి రూ.20 వేల దాకానే. మీ కుర్చీ ధర రూ.75 వేలు. అందుకే అప్పగించే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి, కుషన్ మీతోనే విమానంలోకి తీసుకెళ్లండి, విరిగితే విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించండి. బ్యాటరీతో నడిచే అటాచ్‌మెంట్ కొంటే, ఊడదీసే లిథియం బ్యాటరీ ఒకటే ఉంటే 300 వాట్-అవర్లు, రెండుంటే ఒక్కోటి 160 దాటకూడదు. కొనేముందే లేబుల్ చూడండి.

పరిహారం వచ్చిందని తెలిసిన చుట్టాల్లో ఎవరో ఒకరు స్టెమ్ సెల్ క్లినిక్ చిరునామా పట్టుకొస్తారు. వెన్నుపాము గాయానికి అది నిరూపితమైన వైద్యం కాదు. అనుమతి పొందిన పరిశోధనల బయట ఇలాంటి చికిత్స చేయడం అనైతికమని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరిశోధనలో చేరే రోగి దగ్గర డబ్బు తీసుకోరు. లక్షలు అడిగారంటే అది పరిశోధన కాదని అర్థం.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక పని. ప్రమాదం నాటికి మీ పేరున ఉన్న పాలసీలన్నీ బయటికి తీయండి. బైకు బీమాలో యజమాని-డ్రైవరుకు రూ.15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. లారీ తరఫున వచ్చిన పరిహారంతో దానికి సంబంధం లేదు. జీతం ఖాతాతో వచ్చే ప్రమాద బీమా, ఎల్‌ఐసీ పాలసీలో వైకల్య రైడరు, రెండు కాళ్లూ పనిచేయకుండా పోతే రూ.2 లక్షలిచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా చూడండి. దాని ప్రీమియం ఏటా రూ.20 మీ ఖాతాలోంచి కట్ అయిందేమో ఆ ఏడాది స్టేట్‌మెంట్‌లో తెలుస్తుంది. గడువు దాటిందని ఎవరైనా అంటే నోటిమాటతో వెనక్కి రాకండి. ఆసుపత్రిలో ఉన్న తేదీలు చూపి దరఖాస్తు ఇచ్చి, తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. నిజమైన క్లెయిమును ఆలస్యం ఒక్కటే సాకుగా తోసిపుచ్చకూడదని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే సర్క్యులర్ ఇచ్చింది. ఆ కాగితంతో బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు, అక్కడ ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.