టెక్ సందేహాలు: గోడకు ఏ మిషన్, స్క్రూకు ఏ మిషన్?

ప్రశ్న: కొత్త ఇంట్లో కర్టెన్ రాడ్లు, టీవీ స్టాండు మేమే బిగించుకుందామని డ్రిల్లింగ్ మిషన్ కొనబోతున్నాం. షాపతను ఇంపాక్ట్ డ్రైవర్ చూపించి, ‘ఇది 160 న్యూటన్ మీటర్లు, డ్రిల్లు 50 మాత్రమే’ అంటున్నాడు. ఎక్కువ ఉన్నదే తీసుకోవాలా? – ఒక గృహిణి, కావలి

వద్దండీ. మీకు కావలసింది హ్యామర్ మోడ్ ఉన్న 18 వోల్టుల డ్రిల్లు. రెండు మిషన్లూ దెబ్బలు కొట్టేవే, కానీ కొట్టే దిక్కు వేరు. ఇంపాక్ట్ డ్రైవర్ లోపలి సుత్తి స్క్రూ తిరిగే దిశలో కొడుతుంది. బిగుసుకుపోయిన స్క్రూ కదిలేది ఆ దెబ్బకే. హ్యామర్ డ్రిల్లు మాత్రం బిట్‌ను, అంటే చిల్లు పెట్టే మొనను, ముందుకు, గోడలోకి కొడుతుంది. నిమిషానికి ఇరవై వేలకు పైగా పడే ఆ చిన్న చిన్న దెబ్బలకే ఇటుక పొడి అవుతుంది. షాపతను చెప్పిన 160 అబద్ధం కాదు, కాకపోతే అది స్క్రూను తిప్పే బలం, మీ గోడకు అక్కరకు రాని అంకె. పైగా ఇంపాక్ట్ డ్రైవర్‌లో పావు అంగుళం ఆరు పలకల కాడ ఉన్న బిట్లే పడతాయి. డ్రిల్లు ముందు బిట్‌ను పట్టుకునే చక్‌లో గుండ్రటి బిట్ కూడా పడుతుంది.

అసలు చిక్కు కర్టెన్ రాడ్ల దగ్గర వస్తుంది. కిటికీ మీద మీరు రాడ్డు పెట్టాలనుకునే చోటే లింటల్ ఉంటుంది. అది ఇటుక కాదు, లోపల ఇనుప ఊచలున్న కాంక్రీటు. ప్లాస్టరింగ్ దాటాక ఎర్ర పొడి రాలితే ఇటుక తగిలినట్టు, నిశ్చింతగా కానివ్వండి. ప్లాస్టరింగ్ దాటినా బూడిద రంగు పొడే వస్తూ, బిట్ ముందుకు దిగకుండా కీచుమంటుంటే లింటల్ తగిలినట్టే. అక్కడ బలం కొద్దీ నొక్కితే బిట్ కొన కాలి మొద్దుబారుతుంది. రెండు మూడు చిల్లుల కోసం ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండే, కాంక్రీటుకు చిల్లు పెట్టే వైరు రోటరీ హ్యామర్‌ను ఒక పూట అడిగి తెచ్చుకోండి, తప్పులేదు. బిట్ ఠక్కున ఆగిపోతే ఊచకు తగిలిందన్నమాట. అంగుళం పక్కకు జరగండి.

ఇంకో మాట. వంటగట్టుకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేయించుకుని ఉంటే, దాని మీద మాత్రం హ్యామర్ మోడ్ పెట్టకండి, బీటలు వారుతుంది. కుళాయి రంధ్రానికి డైమండ్ కోర్ బిట్ (అంచుకు వజ్రపు రవ్వలున్న గొట్టం లాంటి బిట్) వాడాలి. నీళ్లు పోస్తూ, దెబ్బ లేకుండా, నిదానంగా తిప్పాలి. అది గ్రానైట్ పనివాళ్లకు వదిలేయడమే మంచిది.

ప్రశ్న: మాడ్యులర్ కిచెన్ పని చేస్తాను. 12 వోల్టుల డ్రిల్లు పెద్ద స్క్రూలకు చాలడం లేదు. 18 వోల్టుల డ్రిల్లు కొనాలా, ఇంపాక్ట్ డ్రైవర్ కొనాలా? – ఒక కార్పెంటర్, నెల్లూరు

డ్రిల్లు అలాగే ఉంచుకుని ఇంపాక్ట్ డ్రైవర్ తీసుకోండి. ఒకదాంట్లో చిల్లు బిట్, ఇంకోదాంట్లో స్క్రూ బిట్ పెట్టేస్తే రోజంతా బిట్లు మార్చుకునే బాధ తప్పుతుంది. మీ డ్రిల్లు కంపెనీదే 12 వోల్టుల ఇంపాక్ట్ డ్రైవర్ ఉందేమో చూడండి. 100 న్యూటన్ మీటర్ల దాకా ఇస్తాయి, టేకు చట్రాల్లో పొడుగు స్క్రూలు దించడానికి చాలు. బ్యాటరీలు లేకుండా బాడీ మాత్రమే అమ్మితే మీకు డబ్బు మిగులుతుంది. కంపెనీ మారితే బ్యాటరీ పట్టదు.

తలుపు కబ్జాల స్క్రూలు, డ్రాయర్ చానళ్ల జోలికి మాత్రం దాన్ని తీసుకెళ్లకండి. స్క్రూ తగినంత బిగియగానే తిప్పడం ఆపే క్లచ్ రింగ్ ఇంపాక్ట్ డ్రైవర్లకు సాధారణంగా ఉండదు. పార్టికల్ బోర్డులో (చెక్క పొట్టు అదిమి చేసిన పలకలో) స్క్రూ తల కూర్చున్నాక ఇంకో రెండు దెబ్బలు పడ్డాయంటే పట్టు మొత్తం పొడైపోతుంది, స్క్రూ ఊరికే తిరుగుతూ ఉంటుంది. అక్కడ మీ పాత డ్రిల్లే, క్లచ్ తక్కువ నంబరులో. మామూలు స్క్రూ బిట్లు ఆ దెబ్బలకు పుటుక్కున విరుగుతాయి. ఇంపాక్ట్ రేటెడ్ బిట్లు అడిగి కొనండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ‘48 వోల్టుల’ డ్రిల్లు చాలా తక్కువ ధరకు వస్తోంది. పేరున్న కంపెనీలే ఎక్కువగా 18 దగ్గర ఆగితే వీళ్లెలా ఇస్తున్నారు? – ఒంగోలు

ఇవ్వడం లేదు, స్టిక్కర్ అంటిస్తున్నారు. ఒక లిథియం సెల్ 3.6 వోల్టులు, పూర్తిగా ఛార్జయితే 4.2. అయిదు సెల్స్ వరసగా కలిపితే 18, నిండుగా ఉన్నప్పుడు 21. కొన్ని కంపెనీలు ‘20 వోల్ట్ మ్యాక్స్’ అని రాసేది కూడా ఈ 18 వోల్టుల ప్యాకు మీదే. నిజంగా 48 రావాలంటే పదమూడు, పద్నాలుగు సెల్స్ కావాలి, అరచేతిలో ఇమిడే ప్యాకులో అన్ని పట్టవు. ప్యాకులో ఎంత శక్తి నిల్వ ఉంటుందో తెలియాలంటే వోల్టులను దాని మీద రాసిన ఆంపియర్ అవర్లతో (Ah) గుణించి చూడండి. 18 వోల్టులు, 2 ఆంపియర్ అవర్లు అంటే 36 వాట్ అవర్లు. ఆంపియర్ అవర్లు రాయని ప్యాకు కొనకండి.

ప్రశ్న: రొయ్యల చెరువు ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే మిషన్ల) నట్లు తుప్పుపట్టి రావడం లేదు. ఇంపాక్ట్ డ్రైవర్‌తో వస్తాయా? – ముత్తుకూరు

చిన్నవి రావచ్చు. 17, 19 సైజు నట్లకు అర అంగుళం చదరపు మొన ఉండే ఇంపాక్ట్ రెంచ్ కావాలి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ స్ప్రే చేసి ఉంచండి. పని అయ్యాక బ్యాటరీని చెరువు గట్టు మీది రేకుల షెడ్డులో వదలకండి. ఎండాకాలం వేడికి సెల్స్ ఆయుష్షు తగ్గిపోతుంది, ఉప్పుగాలికి టెర్మినల్స్ పచ్చబడతాయి. ఇంటికి తెచ్చి, చల్లబడ్డాకే ఛార్జింగ్ పెట్టండి.