ఆ కాగితాన్ని దాచిపెట్టకు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

అద్దెలో కొంత భాగం ప్రభుత్వం కట్టే సెక్షన్ 8 వోచర్ నీకు వచ్చిందని నిన్న రాత్రి చెప్పావు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పకు పెద్దమ్మా" అన్నావు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మీ పెదనాన్న పోయిన రెండేళ్లకు నాకు వోచర్ వచ్చినప్పుడు నేనూ ఇదే మాట అన్నాను. ఆ కాగితాన్ని బియ్యం డబ్బా వెనుక దాచి మూడు వారాలు ఊరికే గడిపేశాను. ఈ న్యూజెర్సీలో, మన ఎడిసన్ ఊళ్లో మనవాళ్ల ఇళ్లు ఎన్ని ఖాళీగా ఉన్నా ఒక్కరినీ అడగలేదు. అడిగితే నా సంగతి తెలిసిపోతుందని భయం. నువ్వు ఆ మూడు వారాలు పోగొట్టుకోకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు కాగితం మీద గడువు తేదీ చూడు. ఇల్లు వెతుక్కోవడానికి కనీసం 60 రోజులు ఇస్తారు. పొడిగించమని అడగవచ్చు కానీ, ఇవ్వడం ఇవ్వకపోవడం చాలావరకు ఈ వోచర్లు ఇచ్చే హౌసింగ్ అథారిటీ ఆఫీసు చేతిలో ఉంటుంది. అడిగేదేదో గడువు ముగియక ముందే, కాగితం మీద రాసి అడగాలి. ఎక్కడెక్కడ తిరిగావో, ఎవరు ఏమన్నారో ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచితే అప్పుడు అదే నీకు సాక్ష్యం. ఇల్లు కుదిరి, యజమానితో కలిసి అనుమతి దరఖాస్తు నింపి ఆఫీసులో ఇచ్చిన రోజు నుంచి, వాళ్లు అవుననో కాదనో రాతపూర్వకంగా చెప్పేదాకా ఆ గడువు లెక్క ఆగుతుంది. అందుకే దరఖాస్తు అందినట్టు రసీదు తీసుకో.

ఇక సిగ్గు సంగతి. ఈ సెక్షన్ 8 సాయం 1974 నాటి చట్టంతో వచ్చింది. ఎన్నో ఏళ్లు జాబితాలో ఎదురుచూశావు. పిల్లలిద్దరినీ పెట్టుకుని, పగలంతా స్టోరులో నిలబడి పనిచేస్తున్నావు. నీ ఆదాయంలోంచి నీ వాటా అద్దె నువ్వే కడతావు. ఇందులో తలదించుకోవలసింది ఏముంది తల్లీ?

ఇళ్లు చూడటానికి బయలుదేరే ముందు లెక్క తేల్చుకో. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఇల్లు నచ్చాక లెక్క వేసుకుని, ఆ తరువాత ఏడుస్తారు. తగ్గింపులన్నీ పోగా నీ నెల ఆదాయం 2,000 డాలర్లు అనుకుందాం. అందులో 30 శాతం, అంటే 600, మామూలుగా నీ వాటా. రెండు పడకగదుల ఇంటికి మీ ఆఫీసు పెట్టిన నెల ఖర్చు పరిమితి 2,200 అనుకుందాం. అప్పుడు వాళ్లు 1,600 దాకా ఇస్తారు. ఇల్లు 2,300 అయితే ఆ పైనున్న 100 కూడా నీదే, నీ వాటా 700 అవుతుంది. కానీ కొత్త ఇంట్లో చేరేటప్పుడు, ఖర్చు వాళ్ల పరిమితిని దాటితే నీ వాటా ఆదాయంలో 40 శాతాన్ని మించకూడదు. నీ లెక్కలో అది 800. కాబట్టి 2,400 దాటిన ఇల్లు ఎంత బాగున్నా దాన్ని ఒప్పుకోరు.

ఇంకో మెలిక ఉంది. ఈ లెక్కలో అద్దె ఒక్కటే కాదు, నువ్వు కట్టే కరెంటు, గ్యాసు, నీళ్ల ఖర్చు కూడా కలుస్తుంది. దానికి ఆఫీసువాళ్ల దగ్గర ఒక పట్టిక ఉంటుంది. చలికాలం వేడి ఖర్చు నీదే అయి, పట్టికలో మొత్తం 180 అని ఉంటే, యజమాని అడగగల అద్దె 2,220 దాకే. కాబట్టి ఫోనులో మొదట అడగవలసిన ప్రశ్న, "అద్దెలో ఏమేమి కలిసి ఉన్నాయి?" అన్నదే. చుట్టుపక్కల అలాంటి ఇళ్ల అద్దెతో పోల్చి చూశాక, యజమాని అడిగినది ఎక్కువ అనిపిస్తే కూడా ఆఫీసు కాదంటుంది. పరిమితి ఊరిని బట్టి, కొన్నిచోట్ల జిప్ కోడ్‌ను బట్టి కూడా మారుతుంది. పరిమితుల పట్టిక, కరెంటు-గ్యాసు ఖర్చుల పట్టిక రెండూ అడిగి తెచ్చుకుని ఫోనులో ఫోటో తీసి పెట్టుకో.

ఇంటి కోసం అడిగేటప్పుడు దాచకు. గుడికి వచ్చేవాళ్లలో, పిల్లల బడి దగ్గర, సరుకుల కొట్టు నోటీసు బోర్డు దగ్గర, అందరికీ చెప్పు. నాకు ఇప్పటి ఇల్లు అలాగే దొరికింది. మనవాళ్లలో చాలామందికి వోచర్ అంటే ఏమిటో తెలియదు, తెలియకే బెదురుతారు. "మీ అద్దెలో పెద్ద భాగం ప్రతి నెలా హౌసింగ్ అథారిటీ నుంచి నేరుగా మీకు వస్తుంది, మిగతాది నేను కడతాను" అని నిదానంగా చెప్పు. వాళ్ల ముఖంలో మార్పు నువ్వే చూస్తావు.

వోచర్ ఉందన్న కారణంతో ఇల్లు ఇవ్వననడం న్యూజెర్సీలో చట్టవిరుద్ధం. కొన్ని మినహాయింపులున్నా, చాలా ఇళ్లకు అది వర్తిస్తుంది. అద్దెకు మూడు రెట్ల జీతం కావాలనే నియమం పెడితే, ఆ లెక్కను నువ్వు కట్టే వాటా మీదే వేయాలి, మొత్తం అద్దె మీద కాదు. ఇది తెలియక ఎంతమంది వెనుదిరిగారో! ఎవరైనా కాదంటే గొడవ పడకు. తేదీ, పేరు, వాళ్లన్న మాట యథాతథంగా రాసుకో. రాష్ట్ర పౌరహక్కుల విభాగానికి 180 రోజుల లోపు ఫిర్యాదు చేయవచ్చు. డాలస్‌లో నీ స్నేహితురాలి దగ్గరికి వెళ్లిపోదామా అన్నావు కదా. వోచర్‌ను వేరే రాష్ట్రానికి తీసుకువెళ్లే దారి ఉంది కానీ, టెక్సాస్‌లో ఇలాంటి రక్షణ లేదు. అది ఆలోచించుకో.

మీ అన్నయ్య తన ఇంట్లో కింది భాగం ఇస్తానన్నాడట. మంచి మనసుతోనే అని ఉంటాడు. కానీ తల్లిదండ్రులు, తాతలు, తోబుట్టువులు, పిల్లలు, మనవల ఇంటికి ఈ సాయం ఇవ్వరు. కుటుంబంలో వైకల్యం ఉన్నవారి అవసరం కోసమైతేనే మినహాయింపు. వాడికి ఈ సంగతి చెప్పు, నొచ్చుకోడు.

నా మొదటి ఇంటి యజమాని అన్ని కాగితాల మీదా సంతకం పెట్టి, చివరికి "నెలకు ఇంకో 200 చేతికివ్వండి, ఆఫీసుకు తెలియనక్కరలేదు" అన్నాడు. గడువు దగ్గర పడి, ఆ ఇల్లు పోతే ఇంకేమీ దొరకదన్న భయంతో ఒప్పుకోబోయాను. ఆఫీసులో నా ఫైలు చూసే ఆమెతో మాట్లాడితే, అలా ఇచ్చినా పుచ్చుకున్నా మోసమేనని, నా వోచరే పోతుందని చెప్పింది. ఆ ఇల్లు వదిలేశాను. ఆ రాత్రి ఎంత ఏడ్చానో నాకే తెలుసు. నిన్ను ఎవరైనా అలా అడిగితే ఎంత మంచి ఇల్లయినా అక్కడి నుంచి లేచి వచ్చేయి.

ఆఫీసువాళ్లు తనిఖీకి వచ్చే ముందే నువ్వు ఒకసారి తనిఖీ చెయ్యి. ప్రతి అంతస్తులో పొగ అలారం ఉందా, మోగుతుందా? వేడినీళ్లు వస్తున్నాయా? నేల నుంచి అందే కిటికీలకు గడియలు పడుతున్నాయా? ఫోను ఛార్జర్ తీసుకెళ్లి ప్రతి ప్లగ్గులోనూ పెట్టి చూడు. చిన్నవాడికి నాలుగేళ్లే కదా, ఇల్లు 1978 కంటే ముందు కట్టిందైతే గోడల మీద, కిటికీ అంచుల మీద పెచ్చులూడే రంగు ఉందేమో చాలా జాగ్రత్తగా చూడు. ఆ పాత రంగులో సీసం ఉండవచ్చు, ఆ దుమ్ము పసివాళ్ల మెదడుకు హాని చేస్తుంది. తనిఖీలో తప్పిన ఇంటిని యజమాని బాగుచేయిస్తే మళ్లీ వచ్చి చూస్తారు, కానీ ఆ లోపు వారాలు గడుస్తాయి.

ఆఫీసు ఇల్లు ఖాయం చేసేదాకా సామాను చేర్చకు. ముందే చేరితే అప్పటి అద్దెంతా నీ మీదే పడుతుంది. డిపాజిట్ నువ్వే కట్టుకోవాలి, ఇక్కడ అది నెలన్నర అద్దెను మించకూడదు. ఆ డబ్బు సంగతి ఇప్పుడే నాతో మాట్లాడు, ఆఖరి రోజున కాదు. ఇంట్లో చేరాక జీతం పెరిగినా తగ్గినా ఆఫీసుకు చెప్పు. మీ అమ్మ విజయవాడ నుంచి వచ్చి ఆరు నెలలు ఉండేటట్టయితే, టికెట్టు కొనకముందే అటు ఆఫీసునూ ఇటు యజమానినీ అడుగు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి నేను మీ ఇంటికి వస్తున్నాను. వోచర్, పట్టికలు, నీ జీతం చీటీలు, నోటు పుస్తకం బల్ల మీద పెట్టి ఉంచు. గుడి స్నేహితురాలు ఒకావిడ పక్కనే మెటుచెన్ ఊళ్లో రైలు స్టేషను దగ్గర ఒక ఇల్లు ఖాళీ అవుతోందంది. నువ్వు సరేనంటే ఆవిడకు ఫోను చేసి, నీకు వోచర్ ఉందన్న మాటతోనే మొదలుపెడతాను.

మీ పెద్దమ్మ