200 ఎంబీపీఎస్ ఉన్నా రాత్రయితే పింగ్ ఎగురుతోంది, ఏ రౌటర్ కొనాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి హైదరాబాద్‌లో మూడు బెడ్‌రూంల ఫ్లాట్, 200 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. కనెక్షన్‌తో ఇచ్చిన వైఫై పెట్టె హాల్లో టీవీ పక్కన ఉంది, అబ్బాయి పీసీ చివరి గదిలో ఉంది. వాలరెంట్ ఆటలో ముంబై సర్వర్‌కి పగలు పింగ్ (డేటా వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 25, రాత్రి తొమ్మిది దాటితే 150 నుంచి 300. ఆరు వేలలోపు మంచి గేమింగ్ రౌటర్ చెప్పమన్నారు.

కొనేముందు ఒక్క రాత్రి ఆగి చిన్న పరీక్ష చేయండి. ఇదే లక్షణానికి మూడు వేర్వేరు కారణాలుంటాయి. ఒకదానికి కేబుల్ చాలు, ఒకదానికి రౌటర్ మార్చాలి, మూడోదానికి యాభై వేల రౌటర్ తెచ్చినా లాభం లేదు.

ఆట తడబడుతున్న సమయంలోనే ఆ పీసీలో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే విండో) రెండుసార్లు తెరవండి. ఒకదాంట్లో పింగ్ అని కొట్టి పక్కన మీ పెట్టె అడ్రస్ ఇవ్వండి. చాలావాటికి అది 192.168.1.1, కాకపోతే నెట్‌వర్క్ వివరాల్లో డిఫాల్ట్ గేట్‌వే దగ్గర కనిపిస్తుంది. రెండోదాంట్లో 8.8.8.8 కి పింగ్ పెట్టండి, అది ఇంటి బయట ఉన్న గూగుల్ సర్వర్ అడ్రస్. రెండింటి చివరా ఖాళీ వదిలి హైఫన్, దానికి ఆనుకుని చిన్న టీ అక్షరం చేరిస్తే మీరు ఆపేదాకా అంకెలు వస్తూనే ఉంటాయి. రెండు విండోలూ పక్కపక్కన పెట్టి ఐదు నిమిషాలు చూడండి.

మొదటి విండోలోనే, అంటే ఇంట్లో ఉన్న పెట్టె దాకా వెళ్లి రావడానికే 2, 3, 85, 4, 140 అని అంకెలు గెంతుతుంటే తప్పు ఇంటర్‌నెట్‌ది కాదు, వైఫైది. హాలుకీ చివరి గదికీ మధ్య రెండు గోడలు, ఒక కాంక్రీట్ పిల్లరు, గోడకి ఆనించిన ఇనప బీరువా ఉంటే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అక్కడికి చేరేసరికి నీరసించిపోతుంది. అప్పుడు పీసీ తనంతట తానే 2.4 గిగాహెర్ట్జ్‌కి మారిపోతుంది. అందులో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో అన్ని ఇళ్ల వైఫైలూ ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. ఒక ఛానల్లో ఒకరు పంపుతుంటే మిగతావాళ్లు ఆగాల్సిందే, ఆ ఒకరు పక్క ఫ్లాట్ వాళ్లయినా సరే. రాత్రి తొమ్మిదికి ప్రతి ఇంట్లోనూ వీడియోలు నడుస్తాయి కాబట్టి మీ పీసీకి వంతు ఆలస్యంగా వస్తుంది. పగలు బాగుండి రాత్రి పాడవడానికి ఇదొక్కటే చాలు.

మొదటి విండో నిలకడగా ఉండి రెండోది మాత్రమే ఎగిరితే, ఆ సమయంలో ఇంట్లో ఇంకెవరు ఏం చేస్తున్నారో చూడండి. రాత్రి ఫోన్లు ఛార్జింగ్‌కి పెట్టగానే ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌కి ఎక్కడం మొదలవుతుంది. ఇంకో లాప్‌టాప్‌లో ముప్ఫై జీబీ అప్‌డేట్ దిగుతుంటుంది. ఆ పెద్ద డేటా అంతా పెట్టెలో క్యూ కడుతుంది. ఆట పంపే చిన్న ప్యాకెట్ (డేటా ముక్క) ఆ క్యూ చివర నిలబడుతుంది. 200 ఎంబీపీఎస్ లైన్ మీద 4 మెగాబైట్ల క్యూ కరగాలంటే 160 మిల్లీసెకన్లు పడుతుంది. మీ పింగ్‌కి అదంతా తోడవుతుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. ఫోన్లన్నింట్లో వైఫై ఆపేయగానే పింగ్ మళ్లీ 25కి దిగితే ఇక అనుమానం లేదు. రౌటర్ మార్చి బాగుపడేది ముఖ్యంగా ఈ కారణమే.

ఇంట్లో ఎవరూ ఏమీ వాడటం లేదు, మొదటి విండో 1 దగ్గరే ఉంది, అయినా 8.8.8.8 గంతులేస్తోందంటే జబ్బు ఇంటి బయట ఉంది. కొనడం ఆపి కంప్లయింట్ ఇవ్వండి. అంతకుముందు ఒక్కటి చూసుకోండి: పెట్టె సెటింగ్స్ పేజీలో ఆప్టికల్ పవర్ (ఫైబర్‌లో వచ్చే కాంతి బలం) అని ఉంటుంది, అందుకునే పవర్ మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే మంచిదే. మైనస్ 27 కంటే కిందికి, అంటే మైనస్ 28, 29కి పోయిందంటే సాధారణంగా ఫైబర్ ఎక్కడో మడత పడి ఉంటుంది, లేదా కనెక్టర్‌లో దుమ్ము చేరి ఉంటుంది. టీవీ యూనిట్ వెనక సన్నటి ఫైబర్ తీగని చుట్టచుట్టి నొక్కిపెట్టడం చాలా ఇళ్లలో కనిపించే తప్పు. ఆ అంకె స్క్రీన్‌షాట్, రెండు పింగ్ విండోల స్క్రీన్‌షాట్ కలిపి పంపితే లైన్‌మన్ వచ్చి "మీ వైఫై ప్రాబ్లమండీ" అని వెళ్లిపోవడానికి వీలుండదు.

పగటి 25 గురించి కూడా ఒక మాట. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకి దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబై గీత గీసినట్టు చూస్తే 620 కిలోమీటర్లు, పోయి రావడానికే 6 మిల్లీసెకన్లు. ఫైబర్ నేరుగా పోదు, దారిలో పరికరాలు ఆగి ఆగి పంపుతాయి. కాబట్టి 20–25 చాలా మంచి అంకె. దాన్ని ఏ రౌటరూ 10 చేయలేదు. మన పనల్లా ఆ 25ని రాత్రి కూడా కదలకుండా నిలబెట్టడమే.

ఇక డబ్బు పెట్టే విషయానికి వస్తే, మొదటి ఖర్చు కేబుల్ మీద. హాలు నుంచి చివరి గదికి క్యాట్ 6 కేబుల్ లాగించండి. పద్దెనిమిది, ఇరవై మీటర్లు పట్టినా కేబుల్ ఖరీదు వెయ్యి రూపాయల లోపే. కొనేటప్పుడు పూర్తి రాగి తీగే అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన సీసీఏ రకం వద్దు, పైపుల్లో లాగేటప్పుడు తెగుతుంది. కరెంటు తీగలున్న పైపులోంచి మాత్రం లాగనివ్వకండి. టీవీ కేబుల్ కోసం వేసిన పైపు ఉంటుంది, అది వాడుకోవచ్చు. అదీ లేకపోతే సీలింగ్ అంచు వెంబడి కేసింగ్ పట్టీ వేయించండి.

కేబుల్ కొసలు క్రింప్ చేసేటప్పుడు, అంటే ప్లగ్గులు బిగించేటప్పుడు దగ్గరుండి చూడండి. ప్లగ్గు క్లిప్పు కిందికి పెట్టి, తీగలు దూర్చే వైపు మీవైపు తిప్పి పట్టుకుంటే ఎడమ నుంచి వరుస ఇలా ఉండాలి: నారింజ చార, నారింజ, ఆకుపచ్చ చార, నీలం, నీలం చార, ఆకుపచ్చ, గోధుమ చార, గోధుమ. రెండు కొసలా ఇదే వరుస. తొందరలో నారింజ, ఆకుపచ్చ జతల నాలుగు తీగలే బిగించినా, నీలం, గోధుమ జతల్లో ఒక్క తీగ కొస దాకా అందకపోయినా నెట్ వస్తూనే ఉంటుంది, కానీ లింకు 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) ఎనిమిది తీగలూ కావాలి. విండోస్‌లో ఈథర్‌నెట్ స్టేటస్‌లో స్పీడ్ 1.0 జీబీపీఎస్ అని కనిపించాకే క్రింప్ చేసినవాళ్లని పంపండి.

కేబుల్ వేశాక మళ్లీ ఆ రెండు పింగ్‌ల పరీక్ష చేయండి. కారణం మొదటిదే అయితే సమస్య ఇక్కడితో పోయింది, రౌటర్ డబ్బు మిగిలినట్టే. రిపీటర్ (వైఫైని మధ్యలో అందుకుని మళ్లీ పంపే పెట్టె) జోలికి మాత్రం వెళ్లకండి. మామూలు రిపీటర్ వచ్చింది వచ్చినట్టు అదే ఛానల్లో మళ్లీ పంపాలి కాబట్టి వేగం సగమవుతుంది, ఆలస్యం పెరుగుతుంది. సినిమాకి పర్వాలేదు, ఆటకి పనికిరాదు. మెష్ (రెండు మూడు పెట్టెలు కలిసి ఇల్లంతా ఇచ్చే వైఫై) అయినా కేబుల్‌తో కలిపితేనే ఆటకి నమ్మకం.

రెండో కారణం, అంటే బఫర్‌బ్లోట్ అని తేలితే రౌటర్ కొనండి. అట్ట మీద ఏఎక్స్ 3000, ఏఎక్స్ 5400 అని రాసే అంకెలు అన్ని బ్యాండ్ల (2.4, 5 గిగాహెర్ట్జ్ లాంటివి) వేగాల మొత్తం; ఏఎక్స్ 3000 అంటే 574కీ 2402కీ కూడిక, అంతే. మీ లైన్ 200. ఏఎక్స్ 1500 కూడా దానికి ఎక్కువే. కొమ్ముల్లాంటి యాంటెన్నాలు, ఎర్ర లైట్లు, "గేమింగ్ పోర్ట్" ఇవేవీ చూడకండి. ఆ పోర్ట్‌కి ముందు వంతు ఇవ్వడం తప్ప అందులో వేరే మహిమ లేదు. వైఫై 7 అని రాసినవాటిలో కూడా 6 గిగాహెర్ట్జ్ బ్యాండే లేని డ్యుయల్ బ్యాండ్ మోడళ్లున్నాయి.

చూడాల్సినవి రెండు. మొదటిది, వ్యాన్ పోర్టూ (బయటి లైన్ వచ్చేది) ల్యాన్ పోర్టులూ (ఇంట్లోని పరికరాలకి ఇచ్చేవి) గిగాబిట్‌వేనా అన్నది. ఏసీ 1200 అని రాసి ఉన్నా పోర్టులు 100 దగ్గర ఆగే రౌటర్లు ఇప్పటికీ అమ్ముతున్నారు. టీపీ లింక్‌లోనే ఆర్చర్ సీ50 పోర్టులు 100, ఆర్చర్ సీ6 పోర్టులు గిగాబిట్. 100 పోర్టులో మీ 200 లైన్ పెడితే స్పీడ్ టెస్ట్ 94 దగ్గర ఆగిపోతుంది.

రెండోది, అసలైనది, ఎస్‌క్యూఎం. క్యూని తెలివిగా నడిపే పద్ధతి ఇది. సెటింగ్స్‌లో కేక్ అనో ఎఫ్‌క్యూ కోడెల్ అనో కనిపిస్తుంది. ప్రతి కనెక్షన్‌కీ విడి వరుస పెట్టి, వంతులవారీగా పంపుతుంది కాబట్టి ఆట ప్యాకెట్ అప్‌డేట్ వెనక ఇరుక్కోదు. రౌటర్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఇది లేనివే ఎక్కువ. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించగలిగే మోడల్ తీసుకుంటే వస్తుంది. జీఎల్ ఐనెట్ రౌటర్లు దాని ఆధారంగానే తయారై వస్తాయి కాబట్టి కొత్తవాళ్లకి అవి సులువు. మైక్రోటిక్ రౌటర్లలో వాటి సాఫ్ట్‌వేర్ రౌటర్ ఓఎస్ 7 నుంచి కేక్ ఉంది, అయితే దాని సెటింగ్స్ మొదటిసారి వాడేవాళ్లకి కష్టం. వేరే కంపెనీది కొని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మీరే ఎక్కించాలనుకుంటే మోడల్ పేరొక్కటే కాదు, అడుగున లేబుల్ మీది హార్డ్‌వేర్ వెర్షన్ కూడా సరిపోవాలి. ఒకే పేరుతో వచ్చే వెర్షన్ 1, వెర్షన్ 2 లోపల వేర్వేరు చిప్‌లతో ఉండొచ్చు. తప్పు ఫైల్ ఎక్కిస్తే రౌటర్ లేవదు.

ఎస్‌క్యూఎం పెట్టేటప్పుడు వ్యాన్ ఇంటర్‌ఫేస్ ఎంచుకుని, డౌన్‌లోడ్ 180000, అప్‌లోడ్ 180000 కిలోబిట్లు ఇవ్వండి, అంటే లైన్ వేగంలో తొంభై శాతం. అప్‌లోడ్ ప్లాన్ వేరేగా ఉంటే దానికీ అదే లెక్క. 200 మొత్తం ఇచ్చేస్తే క్యూ మళ్లీ కంపెనీ పెట్టెలోనే కడుతుంది, మన రౌటర్ చేతిలో ఏమీ మిగలదు. ఆ పది శాతం వదులుకోవడానికి మనసొప్పక చాలామంది అక్కడే చెడగొట్టుకుంటారు. హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ ఆన్ ఉంటే ఆపేయండి, అది ప్యాకెట్లని ఎస్‌క్యూఎం కంటపడకుండా దాటించేస్తుంది.

కొత్త రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైఫై మాత్రమే ఇచ్చేలా పెడితే ఇదంతా దండగ. అప్పుడు క్యూని నడిపేది పాత పెట్టే. కనెక్షన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేసి పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే లైన్‌ని నేరుగా కొత్త రౌటర్‌కి దాటించేలా పెట్టమనండి. కనెక్షన్ లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు ముందే రాసుకోండి, అవి చేతిలో లేకుండా పాత సెటింగ్స్ చెరపొద్దు. బ్రిడ్జ్ కుదరదంటే పెట్టె ల్యాన్ పోర్టు నుంచి కొత్త రౌటర్ వ్యాన్‌కి కేబుల్ ఇచ్చి, కొత్తదాని అడ్రస్ 192.168.2.1 గా మార్చి, పాత పెట్టెలో వైఫై ఆపేయండి. రెండు నాట్‌లు (ఇంటి అడ్రస్‌లని బయటి అడ్రస్‌గా మార్చడం రెండుసార్లు) అవుతాయి, వాలరెంట్‌కి ఇబ్బంది లేదు. రేపు ప్లేస్టేషన్ కొని నాట్ టైప్ 3 (బయటివాళ్లు కనెక్ట్ కావడం కష్టం) అని చూపిస్తే మాత్రం వ్యాన్ అడ్రస్ చూడండి, బ్రిడ్జ్ ఉంటే కొత్త రౌటర్‌లో, లేకపోతే పాత పెట్టెలో. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్లకి పంచుతోందని అర్థం. అది రౌటర్‌తో తీరదు, స్టాటిక్ ఐపీ అడగాలి.

వైఫై మీదే ఉండే ఫోన్ల కోసం 2.4, 5 బ్యాండ్లకి వేరు పేర్లు పెట్టండి. 5లో ఛానల్ 36 గానీ 149 గానీ, వెడల్పు 80 మెగాహెర్ట్జ్. 52 నుంచి 144 వరకు ఉన్నవి రాడార్లతో పంచుకునే ఛానళ్లు. రాడార్ జాడ తగిలితే రౌటర్ ఆ ఛానల్ వదిలేసి పోవాలి, ఆట మధ్యలో కనెక్షన్ తెగుతుంది.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. ఇన్వర్టర్ ఉన్నా అది ఈకో మోడ్‌లో ఉంటే మారే క్షణంలో రౌటర్ రీస్టార్ట్ అయి రెండు మూడు నిమిషాలు తినేస్తుంది. యూపీఎస్ మోడ్‌కి తిప్పండి. ఇన్వర్టర్ లేకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్ దొరుకుతుంది. అయితే ఫైబర్ పెట్టె, రౌటర్ రెండింటి అడాప్టర్ల మీద ఉన్న ఆంపియర్లు కూడి, అంతకు తక్కువ కానిదే తీసుకోండి. 1 ఆంపియర్ పెట్టె, 1.5 ఆంపియర్ రౌటర్ ఉంటే 2.5 ఆంపియర్లు ఇవ్వగలగాలి. ఒక్క రౌటర్‌కే యూపీఎస్ పెట్టి ఫైబర్ పెట్టెని వదిలేస్తే, కరెంటు పోయినప్పుడు వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, నెట్ మాత్రం ఉండదు.